పరశురాములు గీసిన కొండముచ్చు

తొర్రూరు బస్టాండు ఎదుటి సందులో, పాత టైర్ల దుకాణానికి ఆనుకొని ఒక రేకుల గది ఉంది. దాని నుదుట 'పరశురాం ఆర్ట్స్' అని రాసి ఉంటుంది. రంగు వెలిసిపోయింది గాని అక్షరాల వంపు చెడలేదు. లోపల కూర్చునే పరశురాములుకు అరవై దగ్గర పడ్డాయి. దుకాణాలకు బోర్డులు రాయడం ఆయన వృత్తి. ఇప్పుడు రాయించేవాళ్ళు లేరు. పెళ్ళికీ, చావుకీ, ఎలక్షన్లకీ, పుట్టినరోజులకీ ఫ్లెక్సీయే. పొద్దున చెబితే సాయంత్రానికి అచ్చయి వస్తుంది, మొదటి గాలివానకు చిరిగిపోతుంది. దీని గురించి ఆయన బాధపడుతూ మాట్లాడగా నేను వినలేదు.

"నా బోర్డు ఒక్కసారి రాస్తె మనిషి ముసలోడు అయ్యేదాంక ఉంటది సార్. మళ్ల నా దగ్గరికి రావాల్సిన అవసరం లేకుంట నేనే జేసిన. నా బేరం నేనే చెడగొట్టుకున్న" అంటాడు.

ఆయనకు మిగిలినవి రెండు రకాల పనులు. ఊళ్ళ మొదట్లో, గుళ్ళ గోడల మీద ఆంజనేయస్వామి బొమ్మలు గీయడం ఒకటి. సర్కారు బళ్ళలో అక్షరాల బొమ్మలు గీయడం రెండోది. జనగామలో బస్సెక్కి మహబూబాబాద్ దాకా వస్తే దారిలో కనబడే ఆంజనేయుళ్ళలో చాలామంది అన్నదమ్ముల్లా ఉంటారు. అందరికీ ఒకే కనుబొమ్మలు, ఒకే భుజాలు, తల మీదుగా వంగి వచ్చే ఒకే తోక. ఎన్నో ఏళ్ళుగా ఒకే చేయి గీసిన బొమ్మలవి.

పోయిన చలికాలం ఆయనకు భూపాలపల్లి అవతల, అడవి అంచున ఉన్న ఒక బడి నుంచి పిలుపు వచ్చింది. ఆ బడి హెడ్మాస్టరు చంద్రమౌళి మరిపెడ వైపు మనిషి. ఆయనకు ఒక పట్టుదల ఉంది. వాచకాల్లో అక్షరానికి ఒక బొమ్మే ఉంటుంది. అదీ చాలాసార్లు ఒంటె, జిరాఫీలాంటి ఎక్కడెక్కడిదో జంతువు. తన బడి పిల్లలకు పక్కనే ఉన్న అడవిలోని జంతువులు తెలియాలి, అక్షరమూ రావాలి. కాబట్టి గోడంతా ఒకే అక్షరం, ఆ అక్షరంతో మొదలయ్యే అడవి జంతువులు. ఆ అక్షరం 'క'.

పరశురాములుకు మొదట అనుమానం వచ్చింది. "సార్, కణుజు అంటె క. కుందేలు అంటె కు. కొండగొర్రె కొ. గివన్ని ఒక్కటెట్లయితయి?"

"తల్లి ఒకతే గదనే. పిల్లలకు తలకొక గుణింతం. నువ్వు గీయి, నేను చెప్పుకుంట" అన్నాడు చంద్రమౌళి.

నిజానికి 'క' చాలా పెద్ద కుటుంబం. నేను అడవి శాఖ వాళ్ళ పుస్తకాలు, వేటకు వచ్చిన దొరల జ్ఞాపకాలు, జంతుశాస్త్రం మీద వచ్చిన తెలుగు పొత్తాలు దొరికినప్పుడల్లా తిరగేస్తూ ఉంటాను. ఒక్క అక్షరం కింద ఇంత వేర్వేరు స్వభావాల జంతువులు చేరడం వేరే చోట తక్కువగా చూశాను. కణుజు మన జింకల్లో అన్నిటికన్నా పెద్దది. పులి వాసన తగిలితే తోక నిక్కబొడుచుకొని ముందుకాలితో నేల తన్నుతుంది, ఒక్కసారి అరుస్తుంది. ఆ అరుపు విని మిగతా అడవి జాగ్రత్త పడుతుంది. కొండగొర్రె పేరుకు గొర్రెగాని గొర్రె కాదు. లేడి జాతిలో నాలుగు కొమ్ములుండేది అదొక్కటే, అవీ మగదానికే. ముందు రెండు కొమ్ములు బొటనవేలంత కూడా ఉండవు. పరశురాములు వాటిని అంతకు రెండింతలు చేశాడు. దూరం నుంచి చదవగలిగేట్టు రాయడం బోర్డు రాసేవాడి అలవాటు. చిన్నగా గీస్తే చెవులనుకుంటారని ఆయన భయం.

కుందేలును మొదట తెల్లగా, ఎర్ర కళ్ళతో గీశాడు. అది పంజరంలో పెంచే జాతి అని చంద్రమౌళి ఆపించాడు. మన అడవి కుందేలు మట్టిరంగులో ఉంటుంది, బొరియ తవ్వదు, గడ్డిలో ఒళ్ళు ఒత్తుకొని పడుకుంటుంది. కాలు పడేదాకా కనబడదు. కృష్ణజింక దట్టమైన అడవిలో ఉండదు, బయలు కావాలి. అందుకని దాన్ని అడవి గీసిన వైపు కాకుండా బడి గేటు పక్కన నిలబెట్టారు. కొండచిలువకు గోడ అడుగున ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చోటిచ్చాడు. అంత పొడుగు ఎందుకని నేనడిగితే, "కింద చెమ్మ మరకున్నది సార్. పాము పండుకుంటె మరక కనవడది" అన్నాడు. పని ఎక్కువ ఉండి చోటు తక్కువైనా, చోటు ఎక్కువై పని తక్కువైనా సర్దుకోవడం ఆయన విద్యలో భాగం.

ఇక మిగిలినవి కోతి, కొండముచ్చు. కోతి అయింది. కొండముచ్చుకు ఒక చెట్టు గీసి, కొమ్మ మీద జాగా వదిలిపెట్టాడు. అప్పుడే వాళ్ళక్క ఫోను చేసింది.

అక్క పేరు కౌసల్య. నర్మెట్ట దాటిన తర్వాత ఒక ఊళ్ళో ఉంటుంది. భర్త ఎల్లయ్య, రెండు బర్రెలు, రోడ్డు పక్కన కొంచెం చెలక. ఆ ఊళ్ళో ఒకప్పుడు అందరూ మక్కలు, అంటే మొక్కజొన్న, వేసేవాళ్ళు. కోతులు గుట్టలు దిగి రావడం మొదలయ్యాక ఒక్కొక్కరే పత్తికి మారారు. పత్తిని కోతి ముట్టదు. కానీ పత్తికట్టెను బర్రె కూడా ముట్టదు. మక్క చొప్ప లేకపోతే బర్రెలకు మేత లేదు, మేత కొని బర్రెల్ని సాకితే పాలు అమ్మి లాభం లేదు. అందుకని ఊరంతా మారినా కౌసల్య చలికాలపు యాసంగి పంటగా మక్కే వేస్తూ వచ్చింది. దాంతో ఊరి మీది కోతులన్నీ ఆమె ఒక్క చేనులోనే పడేవి. అంతకు ముందటేడు పంట చొప్పతో సహా నేలమట్టమైంది. ఈసారీ అట్లాగే అయితే బర్రెల్ని అంగడికి తోలేద్దామని ఎల్లయ్య తేల్చేశాడు.

"తమ్మీ, బడి గోడ మీద కొండముచ్చును గీస్తున్నవట గదా" అంది కౌసల్య.

"ఇంక గియ్యలే అక్కా. జాగ ఇడిసిన."

"ఆ జాగ గట్లనే ఉండనియ్యి. ముందుగాల నాకొకటి గీసియ్యి. ఫ్లెక్సీది తెచ్చి కట్టినం. నాలుగు పొద్దులు బెదిరినయి. ఇప్పుడు దాని నెత్తి మీదనే కూసొని పేన్లు చూసుకుంటున్నయి."

కొండముచ్చును చూస్తే కోతులు పారిపోతాయని మా వైపు గట్టి నమ్మకం. పూర్తిగా ఉత్త నమ్మకమూ కాదు. కొన్నేళ్ళ కిందటిదాకా బస్తీల్లో కొండముచ్చును తాడుతో కట్టి వీధులు తిప్పేవాళ్ళుండేవాళ్ళు, అది ఉన్నంతసేపు కోతులు దాక్కునేవి. చట్టం ఒప్పుకోదని అది ఆగిపోయింది. అప్పటి నుంచి బొమ్మలు వచ్చాయి. జంతువు భయం బొమ్మకు ఎంతవరకు అంటుకుంటుంది అనేది ఎవరూ తూచి చెప్పలేదు.

పరశురాములు బడి పని ఆపి తొర్రూరు వచ్చాడు. పాత డ్రమ్ము రేకు చదును చేయించి, మనిషెత్తు కొండముచ్చు ఆకారాన్ని కత్తిరించాడు. నల్లని ముఖం, బూడిద రంగు ఒళ్ళు. ఫ్లెక్సీ కన్నా మిన్నగా ఉండాలని మనసు పెట్టి చేశాడు. మనసు పెట్టి చేసేటప్పుడు చేయి తనకు అలవాటైన దారినే పోతుంది. ఒక మోకాలు వంగింది. ఛాతీ విచ్చుకుంది. తోక పైకి లేచి తల మీదుగా ముందుకు వచ్చింది. జంతువుల్ని చదివినవాళ్ళు రాసిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. గోదావరికి ఉత్తరాన ఉండే కొండముచ్చులు నడిచేటప్పుడు తోకను తల వైపుకు వంచుతాయి, దక్షిణానివి వెనక్కి వంచుతాయట. ఆ లెక్కన పరశురాములు గీసింది గోదావరి ఆవలి కొండముచ్చు. దాన్ని గురించి ఆయనతో అంటే, "ఆ దిక్కుది ఈ దిక్కు రాదా సార్, వారధి కట్టిన్రు గదా" అన్నాడు.

కళ్ళు చివర్న గీశాడు. దేవుడి బొమ్మకు కళ్ళు చివర్నే తెరవాలి. స్నానం చేసి, ఊదుబత్తి వెలిగించి, అప్పుడు కుంచె ముట్టాలి. ఇది దేవుడి బొమ్మ కాదని ఆయనకు తెలుసు. అయినా స్నానం చేశాడు, ఊదుబత్తి వెలిగించాడు. అట్లా కాకుండా కళ్ళు గీయడం ఆయనకు రాదు.

బొమ్మను చేని గట్టు మీద రెండు ఇనుప గొట్టాలకు బిగించారు. ఎల్లయ్య చుట్టూ తిరిగి చూశాడు.

"బామ్మర్దీ, గిది కోతులను కొడ్తదా, దీవిస్తదా?"

"నీ మొకం చూసి బెదరని కోతులు దీన్ని చూసి బెదురుతయో లేదో చూద్దాం తీ బావా" అన్నాడు పరశురాములు.

బెదిరాయి. మక్క కంకులు పాలు పోసుకునే వారమంతా ఒక్క కోతి చేనులో దిగలేదు. వేపచెట్ల మీద కూర్చొని దూరం నుంచి చూసి పోయేవి. కౌసల్య ఫోను చేసి నవ్వుతూ మాట్లాడింది. పరశురాములు మళ్ళీ భూపాలపల్లి పోదామని రంగుడబ్బాలు సర్దుకున్నాడు.

అప్పుడు గట్టమ్మ ఆ దారిన వచ్చింది. గట్టమ్మ ఆ ఊళ్ళో ముసలామె, మిరప కల్లాలకు కూలికి పోతుంది. బొమ్మ ఎదుట ఆగి చెప్పులు విప్పింది. కొంగు తల మీదికి లాక్కొని దండం పెట్టింది.

"గట్టవ్వా, అది కొండముచ్చే. కోతులకని వెట్టినం" అంది కౌసల్య.

"మంచిగ చూడు బిడ్డా. సామి గాదా?"

కౌసల్య మంచిగా చూసింది. ఆ తర్వాత ఆమె వాదించలేకపోయింది.

మంగళవారం నాటికి బొమ్మ పాదాల మీద సిందూరం ఉంది. శనివారం రెండు అరటిపండ్లు, కొబ్బరి చిప్ప. పదో తరగతి పరీక్షలున్న పిల్లల తల్లులు బెల్లం పెట్టిపోయారు. ఆటో నడిపే అతను ఒకడు రోజూ హారన్ కొట్టి, బండి నెమ్మది చేసి పోయేవాడు. ఎవరో ఎర్రబట్ట కప్పారు. ఎవరో నూనె పోశారు. ఎల్లయ్యకు మోకాలి నొప్పి ఉంది, ఒక పొద్దున తానే ఒక కొబ్బరికాయ కొట్టాడని తర్వాత తెలిసింది.

మొదట ఒక కోతి వచ్చింది. పండును చూసింది, బొమ్మను చూసింది. పండు తీసుకొని వెనక్కి దుమికింది. బొమ్మ ఏమీ అనలేదు. మర్నాడు మంద వచ్చింది. ముందు సామి దగ్గర పండ్లు, కొబ్బరి తిని, ఆ తర్వాత చేనులోకి దిగి భోజనం పూర్తి చేసింది. అంతకు ముందు కోతులు ఎప్పుడో ఒక పూట వచ్చేవి. ఇప్పుడు నైవేద్యం వేళకు క్రమం తప్పకుండా వచ్చేవి. గట్టు పక్క సాళ్ళు పోయాయి. లోపలికి తిన్నాయంటే చొప్ప కూడా మిగలదు.

కౌసల్య ఈసారి ఫోనులో నవ్వలేదు. "నువ్వు కొండముచ్చును గీసినవా, కోతులకు హోటల్ వెట్టినవా? ఇంటాయన బేరగాన్ని పిలుస్తున్నడు. బర్రెలు పోయినంక వచ్చి ఏం జేస్తవు? ఇయ్యాల్నే రా."

పరశురాములు నల్లరంగు, తెల్లరంగు సంచిలో వేసుకొని జనగామ మీదుగా వెళ్ళాడు. ఆయన ఆలోచన సులువైనది. నోరు తెరిపించి కోరలు పెడితే అటు కోతులు భయపడతాయి, ఇటు జనం దండం పెట్టడం మానేస్తారు. గట్టు మీద డబ్బా మూత తీసేసరికి గట్టమ్మా మరి నలుగురు ఆడవాళ్ళూ చేరారు.

"కొడుకా, బ్రష్ దీసినవు. ఏం జేద్దామని?"

"కోరలు వెడుత అవ్వా. జర కోపమున్నట్టు."

"సామికి కోపమెందుకయితది? మేమేం తప్పు జేసినం?"

పరశురాములు సిందూరం తుడవడానికి టర్పెంటైన్ గుడ్డ తీశాడు, మళ్ళీ సంచిలో పెట్టాడు. ఎంతోమంది ఆంజనేయులకు రంగులేసి బతికిన మనిషి, ఆ పాదాల మీద గుడ్డ పెట్టలేకపోయాడు.

"అయితె పీకి అవతల పారెయ్యి" అంది కౌసల్య.

"నువ్వే పీకక్కా."

"నేనెట్ల పీకుత? నువ్వు వెట్టినవు, నువ్వే తియ్యి."

"నేను కొండముచ్చును వెట్టిన. సామిని మీరు వెట్టుకున్నరు."

ఎల్లయ్య గట్టు మీద కూర్చొని బీడీ వెలిగించాడు. "అక్కాతమ్ముళ్ళిద్దరు తీర్పు చెప్పుకునేలోపు ఆ గండుకోతి కంకిని ఒలుసుకుంటున్నది, చూడున్రి" అన్నాడు. నిజంగానే ఒకటి ఆరేడు సాళ్ళ అవతల కూర్చొని ఉంది.

కౌసల్య గట్టమ్మ దగ్గరికి పోయి గొంతు తగ్గించి మాట్లాడింది.

"అవ్వా, ఒక్క మాట. మా బర్రెలు ఇదే గట్టు మీదికెల్లి నడుస్తయి. పేడ వేస్తయి. మనమందరం చెప్పులతోని పోతం. రేపు కోత మిషినొస్తె సామి మీద దుమ్ము లేస్తది. సామిని గిట్ల చెలకల నిలవెట్టుడు మనకు మంచిదేనా?"

గట్టమ్మ ఆలోచించింది. ఈ సంగతి ఆమెకు అప్పటిదాకా తట్టలేదు. "మరి ఏడ వెడుదాం బిడ్డా?"

"ఊరవతల గుట్ట కింద బండ లేదా? ఎత్తుగుంటది, సాఫుగుంటది."

గుట్ట కింది బండ దగ్గరే కోతులు రాత్రిళ్ళు పడుకునేది. కౌసల్య ఆ సంగతి ఎత్తలేదు. గట్టమ్మ ఒప్పుకుంది, ఒక షరతు పెట్టింది. "సగం కొండముచ్చు, సగం సామి వద్దు. గద వెట్టు కొడుకా, కిరీటం వెట్టు. సామి సామి లెక్క ఉండాలె."

పరశురాములు ఒక రోజంతా ఎల్లయ్య ఇంటి ముందు కూర్చొని బూడిద రంగు మీద సిందూరపు రంగు వేశాడు. గద వచ్చింది, కిరీటం వచ్చింది. తోకను మార్చాల్సిన పని పడలేదు. కళ్ళనూ ముట్టుకోలేదు, అవి మొదటి నుంచీ సరిగ్గానే ఉన్నాయి. మర్నాడు పొద్దున డప్పులు కొట్టుకుంటూ ట్రాక్టరులో బొమ్మను గుట్ట కిందికి తీసుకుపోయారు. ముందు గట్టమ్మ హారతి పళ్ళెంతో నడిచింది. ఎల్లయ్య మోకాలి నొప్పి మరిచిపోయి బొమ్మను పట్టుకొని ట్రాక్టరులో నిలబడ్డాడు.

కోతులు రెండు మూడు రోజులు పాత జాగాకు వచ్చి వెతికాయి. ఏమీ లేక చేనులో దిగితే ఎల్లయ్య వడిసెలతో తరిమాడు. ఆ తర్వాత గుట్ట కిందనే పండ్లూ కొబ్బరీ దొరకడంతో చాలావరకు అక్కడే ఆగిపోయాయి. కౌసల్యకు గట్టు పక్కది, రోడ్డు పక్కది పోగా మిగతా పంట చేతికి వచ్చింది. చొప్ప కట్టలు కొట్టం మీదికి చేరాయి. బేరగాడు వచ్చి, చాయ తాగి, ఉత్త చేతులతో పోయాడు.

పరశురాములు భూపాలపల్లి వెళ్ళి, వదిలిపెట్టిన కొమ్మ మీద కొండముచ్చును పూర్తి చేశాడు. నేను ఆ గోడ చూశాను. మిగతా జంతువులన్నీ మనిషి వైపు చూస్తుంటాయి. కణుజు చూస్తుంది, నాలుగు కొమ్ముల కొండగొర్రె చూస్తుంది, కోతి నవ్వుతున్నట్టు చూస్తుంది. కొండముచ్చు మాత్రం ముఖం పక్కకు తిప్పుకొని ఆకులు తింటూ ఉంటుంది. తోక కొమ్మ కిందికి వేలాడుతుంది. ముఖం అట్లా తిప్పావేమని చంద్రమౌళి అడిగాడట. "ఎవల దిక్కు చూడకపోతె ఎవలు దండం వెట్టరు సార్" అని ఈయన చెప్పాడట. అయినా బళ్ళో మధ్యాహ్న భోజనం వండే ఆమె ఒకసారి దండం పెట్టుకుందని విన్నాను. అది నేను పరశురాములుకు చెప్పలేదు.

వానాకాలంలో కౌసల్య మళ్ళీ మక్కలే వేసింది. కంకులు తొడిగే వేళకు తమ్ముడికి ఫోను చేసి, గుట్ట మీది మంద రెండింతలయిందని, అందరికీ ప్రసాదం సరిపోవడం లేదని, మళ్ళీ ఏదైనా గీయమని అడిగింది. పరశురాములు గోడ మీది జంతువుల్ని వరసగా తలుచుకున్నాడట. కొండచిలువను గీద్దామన్నాడు.

"పామును గీస్తెవా, నాగుల పంచమికి గట్టవ్వ పాలు వట్టుకొని మందిని తోలుకొస్తది."

"కణుజు?"

"కణుజు వచ్చి నా చేను తినాల్నా? దాని బొమ్మకెవలు బెదురుతరు?"

"మరి కుందేలు..." అని తానే ఆగిపోయాడు.

"ఏదీ వద్దు తమ్మీ. నువ్వే వచ్చి నిలవడు. నీకైతె ఎవలు దండం వెట్టరు."

తొర్రూరు పోతే ఈమధ్య ఆయన గదికి తాళం ఉంది. టైర్ల దుకాణం అతను నర్మెట్ట దారి చెప్పాడు. నేను బస్సు దిగి నడిచి వెళ్ళేసరికి పరశురాములు చేని గట్టు మీద, బొమ్మకు పాతిన ఇనుప గొట్టాల్లో ఒకదానికి ఆనుకొని నిలబడి ఉన్నాడు. తలకు తువ్వాల, చేతిలో వడిసెల. వేపచెట్టు మీద కోతులు అటూ ఇటూ మారుతున్నాయి. ఆ దారిన పోతున్న గట్టమ్మ ఆగి, ఆయన్ని కింది నుంచి పైదాకా చూసి, చెప్పులు విప్పకుండానే పోయింది.